వెళ్ళని జైలు

వరప్రసాదరావుకు మందిరంలో ఉన్న మర్యాదంతా ఆయన ఏనాడూ వెళ్ళని జైలు పెట్టిన భిక్ష. ఈ సంగతి అనకాపల్లి మొత్తమ్మీద ఆయనొక్కడికే తెలుసు. కశింకోటలో ఇంకొక మనిషికి తెలుసు గాని, ఆ మనిషి మాట వినే నాథుడు లేడు కాబట్టి తెలియనట్టే లెక్క.

ఊరికి తెలిసిందల్లా సాక్ష్యం. సువార్త కూడిక ఎక్కడ పెట్టినా, పెద్ద ప్రసంగానికి ముందు, మారిన మనుషులు లేచి తమ పాత బతుకు చెప్పుకోవడం ఆనవాయితీ. తాగుడు మానినవాళ్ళు చెబుతారు, పెళ్ళాన్ని కొట్టడం మానినవాళ్ళు చెబుతారు. వాళ్ళందరూ అయ్యాక వరప్రసాదరావు తెల్లచొక్కా సర్దుకుంటూ లేచేవాడు. కుర్రతనంలో రైతుల పొలాల్లో నీళ్ళ మోటార్లు విప్పి రాగితీగ అమ్ముకున్నాననీ, పట్టుబడి విశాఖపట్నం జైల్లో ఆరు నెలలు ఉన్నాననీ, చొట్టపడిన సత్తు పళ్ళెంలో గంజి తాగుతూ దేవుణ్ణి పిలిచాననీ చెప్పేవాడు. సత్తు పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళ వైపు నుంచి ముక్కులు చీదడం వినిపించేది. ఒకప్పుడు మోటార్లు దొంగిలించిన చేతికే ఇప్పుడు రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి అప్పగిస్తున్నారని ముగించేవాడు. ఆమెన్ అని హాలు దద్దరిల్లేది.

ఇందులో దొంగతనం నిజం. పట్టుబడ్డం, జైలు, పళ్ళెం, గంజి మాత్రం దేముడివి. దేముడంటే పైనున్న ఆయన కాదు, కశింకోట దేముడు. ఆ రాత్రి గోనెసంచి భుజాన ఉన్నవాడు దేముడు కాబట్టి దేముడు దొరికాడు. ఖాళీ చేతులవాడు చెఱకుతోటలో పడి పరిగెత్తాడు.

పాస్‌పోర్టు ఎంక్వైరీకి పోలీసు వచ్చి, ఈయన మీద ఏమీ లేదని రాసుకుపోయినప్పుడు మందిరంలో ప్రత్యేకంగా స్తుతి ప్రార్థన పెట్టారు. ప్రభువు రక్తం స్టేషను రికార్డులో మచ్చ కూడా తుడిచేసిందని ఎవరో అన్నారు, అందరూ ఆమెన్ అన్నారు. వరప్రసాదరావూ అన్నాడు. అనక చస్తాడా? అప్పటికి అదే గండం అనుకున్నాడు పాపం. అసలు గండం వీసా ఫారం రూపంలో తర్వాత వచ్చింది.

రెండువేల ఎనిమిది, బెల్లం సీజను జోరు మీదుంది. సంఘం నుంచి కొంతమంది యెరూషలేము యాత్రకు పేర్లిచ్చారు. ఆ గురువారం సాయంత్రం పాస్టరుగారి ముందుగదిలో, విశాఖపట్నం నుంచి వచ్చిన టూరు ఏజెంటు అరుణ్ కుమార్ ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఫారాలు నింపుతున్నాడు. వరప్రసాదరావు పక్కన ఆయన భార్య రూతమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, పరీక్షకొచ్చిన పిల్లలా నిటారుగా కూర్చుంది. ఆవిడ అంగన్‌వాడీలో ఆయా. యొర్దాను నదిలో కాళ్ళు పెట్టాలని పెళ్ళికి ముందునుంచీ ఆవిడ కోరిక.

"ఇక్కడొక టిక్కు పెట్టాలండి," అన్నాడు అరుణ్ కుమార్ కాగితం మీంచి తలెత్తకుండా. "ఎప్పుడైనా నేరం చేసి శిక్ష పడిందా అని. లేదు కదా, నో పెట్టేస్తున్నాను."

"ఆగండి," అన్నాడు పాస్టరు జెఫ్రీ.

జెఫ్రీ కుర్రవాడు. ఈ సంఘానికి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మంచివాడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. కుర్చీ ముందుకు లాక్కుని, "ఈ అన్న విషయంలో అవును అని పెట్టాలండి," అన్నాడు.

అరుణ్ కుమార్ పెన్ను గాల్లో ఆగింది. సంగతి విన్నాక నవ్వేశాడు. "అయ్యగారూ, ఎప్పటి కేసండి అది? అక్కడెవడికి తెలుస్తుంది?"

"అన్న సాక్ష్యం సీడీలున్నాయండి. మా సంఘమే వేసి పంచింది. అయినా ఎవరికో తెలుస్తుందని కాదు. పరిశుద్ధ దేశంలో అబద్ధం చెప్పి కాలు పెడతామా? అంతే కదా అన్నా?"

గదిలో ఉన్నవాళ్ళందరూ వరప్రసాదరావు వైపు ప్రేమగా చూశారు. ఆ చూపుకు ఆయన అలవాటు పడిపోయాడు. "అంతేనండి అయ్యగారూ," అనేసింది నోరు.

"అయితే జడ్జిమెంటు కాపీ కావాలి, జైలు నుంచి వదిలిన కాగితం కావాలి," అన్నాడు అరుణ్ కుమార్, మొహంలో నవ్వు పోయి. "లేకపోతే ఈయనదే కాదు, గ్రూపు మొత్తం ఫైలు ఆగిపోతుంది. సోమవారం నేను పట్టుకెళ్ళాలి."

"దొరక్కపోతేనండి?" అని రూతమ్మ అడిగింది.

"దొరక్కపోతే నోటరీ ముందు అఫిడవిట్టు ఇవ్వాలమ్మా. ఫలానా కోర్టులో, ఫలానా సెక్షను కింద, ఇంత శిక్ష అనుభవించాను, కాగితాలు పోయాయి అని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. అవన్నీ గుర్తున్నాయా మాస్టారూ?"

"జైలు ఎవులు మర్చిపోతారు బాబూ," అని ఆయన బదులు రూతమ్మే చెప్పింది. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

వరప్రసాదరావు ఆవిడ వైపు చూడకుండా లేచాడు. ఇంటికెళ్ళే దారిపొడుగునా రూతమ్మ ఎవరెవరు ఏ సామాను తెస్తున్నారో చెబుతూ నడిచింది. ఆయన ఊఁ కొడుతూ వచ్చాడు.

శుక్రవారం షాపు తెరిచాడు. గవరపాలెం వెళ్ళే దారిలో కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే చిన్న రీవైండింగు షాపు ఆయనది. కె. కోటపాడు నుంచి ఒక రైతు వదిలిపోయిన మోటారు బల్లమీద ఉంది. నీళ్ళు లేక చెఱకు ఎండిపోతోంది, త్వరగా కానీమని బతిమాలి వెళ్ళాడు. వరప్రసాదరావు కాలిన తీగచుట్టలు ఉలితో కోసి బయటికి లాగాడు. ఇనుపచట్రం గాడుల్లో పట్టిన మసి గుడ్డతో తుడిచి, కొత్త కాగితం మడిచి ఒక్కొక్క గాడిలో దూర్చాడు. ఆ తర్వాత తీగ చుట్టడం. ఎడంచేత్తో తీగ బిగువు పట్టుకుని, కుడిచేత్తో చక్రం తిప్పుతూ, పెదాలతో చుట్లు లెక్కపెట్టుకోవాలి. ఒక్క చుట్టు తగ్గినా మోటారు వేడెక్కుతుంది.

నోటరీ బల్ల ముందు నిలబడి, చెయ్యి పైకెత్తి, వెళ్ళని జైలుకు వెళ్ళానని ప్రమాణం చెయ్యడం ఆయన కళ్ళముందు కనిపించింది. చెప్పడానికి అదెంత పని? సంతకం ఒకటి. రూతమ్మ యొర్దానులో కాళ్ళు పెడుతుంది. అయ్యగారి మాట నిలబడుతుంది. జైలుకు వెళ్ళి కూడా లేదని దాచేవాళ్ళు లోకంలో కోకొల్లలు. వెళ్ళకుండా వెళ్ళానని రాసిచ్చేవాడు తనొక్కడే అయ్యుంటాడు. అలాంటప్పుడు దానివల్ల నష్టపోయేదెవరు? ఇలా తనలో తాను వాదించుకుంటూ ఉండగా చుట్ల లెక్క తప్పింది. తీగంతా విప్పి మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ తప్పింది. ఈ పనిలో ఆయన చెయ్యి తడబడి ఎన్నాళ్ళయిందో.

సిగ్గులేని పని అనుకుంటూనే షట్టరు దించి షేర్ ఆటో ఎక్కాడు. ప్రమాణం చెయ్యాలంటే కోర్టు పేరు కావాలి, సెక్షను కావాలి. అవి ఉన్నవాడి దగ్గరకే వెళ్ళాలి.

కశింకోట దాటాక చెఱకుతోటల మధ్య బెల్లం వండే పాక. గానుగ ఆపారు. పెద్ద పెనంలో చెఱకురసం కుతకుతా ఉడుకుతోంది. దేముడు పొడుగు గరిటెతో పైకి తేలిన మడ్డి తీసి పక్కనున్న డబ్బాలో కొడుతున్నాడు. ఒకప్పుడు వరప్రసాదరావు కంటే దేముడి చేతికే మోటారు పని ఎక్కువ తెలుసు. జైలు నుంచి వచ్చాక ఏ రైతూ వాణ్ణి తన మోటారు ముట్టుకోనివ్వలేదు.

"ఏటి బావా, దారి తప్పేవేటి?" అన్నాడు దేముడు, పొగలో కళ్ళు చికిలించి. "అలగ కూకో. గాలి ఇటు కొడతంది, పొగొత్తాది."

కూర్చున్నాడు. ఊరి సంగతులు అడిగాడు. బెల్లం రేటు అడిగాడు. దేముడు అన్నింటికీ జవాబు చెబుతూ, ఒక చేత్తో పొయ్యిలోకి ఎండిన పిప్పి తోస్తూ, మధ్యలో పాకం రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూస్తూ ఉన్నాడు. చెఱకు ఆకు మీద వేడివేడి పాకం కాస్త తీసి పెట్టాడు. "తిను. బజార్లో దొరకదిలాటిది."

"బావా," అన్నాడు వరప్రసాదరావు ఆకు చేత్తో పట్టుకుని. "అప్పటి కేసు… ఏ కోర్టురా అది? ఏ సెక్షను?"

ఎందుకని దేముడు అడగలేదు. "అనకాపల్లి కోర్టే. మూడొందల డెబ్బైతొమ్మిది. పొద్దున్న పిలిసి మద్దినేలకి తేల్చేసేరు. లాయరు లేడు కదా, ఇంకెంతసేపు." మడ్డి ఇంకో గరిటె తీశాడు. "ఏల, ఇప్పుడేటొచ్చినాది దానితో?"

వరప్రసాదరావు చెప్పాడు. ఫారం, టిక్కు, అయ్యగారు, అఫిడవిట్టు. చెబుతుంటే ప్రతి ముక్కా ముందు ముక్క కంటే సిగ్గుగా ఉంది. వినీ వినీ దేముడు గరిటె పెనం అంచున ఆనించి నవ్వాడు. వెటకారం లేదు అందులో, అదే వరప్రసాదరావుకు ఇంకా కష్టమయింది.

"అయితే నా జైలుతో నువ్వు యెరూషలేమెల్తన్నావన్నమాట. నానూ ఓపాలి పాసుపోర్టుకి ఎట్టేను బావా. మస్కట్టు, వంటోడి పని. ఎంక్వైరీకొచ్చినోడు మాయింట్లో టీ తాగి, నీకివ్వరెల్లు అనీసి ఎల్లిపోనాడు."

"నేను మైకులో చెప్తన్నది… నీకు తెలుసా?"

"తెలవకేటి. మావూర్లో మీటింగెట్టినప్పుడల్లా రోడ్డుమీద నిలబడి ఇన్నాను. సత్తుపల్లెం సంగతి నానొచ్చిన కొత్తలో నీకు సెప్పిందే."

"కోపం రాలేదా నీకు?"

దేముడు పొయ్యిలోకి ఇంకాస్త పిప్పి తోశాడు. "వచ్చినాది మొదట్లో. తరవాత ఊరుకున్నాను. నాను జైలు మాటెత్తితే మా ఆడదే సెవులు మూసుకునీది. నువ్వు సెప్తే అంతమంది ఏడుత్తన్నారు. పోన్లే, నా ఏడుపు ఎవులో ఒకులు ఏడుత్తన్నారు కదా అనుకున్నాను." అంటూనే పెనం వైపు తిరిగి, "బావా, కాస్త జరుగు, పాకం దించాల," అన్నాడు.

చెఱకు ఆకు మీద పాకం ఆరి గట్టిపడింది. వరప్రసాదరావు దాన్ని నోట్లో పెట్టుకోలేకపోయాడు, పారెయ్యనూ లేకపోయాడు. ఆకులోనే మడిచి జేబులో పెట్టుకుని ఆటో ఎక్కాడు. కోర్టు పేరూ సెక్షనూ దొరికాయి. నోటరీ ఆఫీసు ముందు ఆటో ఆపమని అనలేకపోయాడు. అంత సిగ్గు ఆయనకు ఆ రాత్రి చెఱకుతోటలో కూడా వెయ్యలేదు.

శనివారం అంగన్‌వాడీ నుంచి వచ్చి రూతమ్మ పెరట్లో పీట వేసుకుని నెత్తళ్ళ చేపలు బాగుచేస్తోంది. గోటితో తల గిల్లి, పేగు లాగి, బూడిదలో పొర్లించి నీళ్ళలో వేస్తోంది. వరప్రసాదరావు గడపమీద కూర్చుని, ముందు రెండుసార్లు గొంతు సవరించుకుని, చెప్పేశాడు. చిన్నముక్కే అది. తాను జైలుకు వెళ్ళలేదు, వెళ్ళింది దేముడు.

రూతమ్మ చెయ్యి ఆగలేదు. ఇంకొక చేప తల గిల్లింది. "ఏటండీ మీరంటన్నది," అంది కాసేపటికి.

"నిజమే రూతూ."

"మరి ఆ పళ్ళెం?"

"వాడిదే."

"గంజి?"

"అదీ వాడిదే."

ఆవిడ నీళ్ళగిన్నెలో చేతులు ముంచి, కొంగుతో తుడుచుకోబోయి, చేపవాసన గుర్తొచ్చి ఆగిపోయింది. తడిచేతులు అలాగే ముందుకు చాపుకుని కూర్చుంది. "మా నాన్న మిమ్మల్ని చూసి నన్నిచ్చేడనుకున్నారా? ఆ జైలుని చూసి ఇచ్చేడు. జైల్లో దేవుణ్ణి చూసొచ్చినోడు తాగడు, చెయ్యెత్తడు అన్నాడు మాయమ్మతో."

"నేనెప్పుడైనా తాగేనా? చెయ్యెత్తేనా?"

"అదే కదా నా కర్మ. తాగుంటే ఏనాడో తెలిసిపోయేది."

"సాక్ష్యం చెప్పిన మొదటిరోజు దొంగతనం ఒక్కటే ఒప్పుకుందామని లేచేను," అన్నాడు వరప్రసాదరావు నేలమీద గీతలు గీస్తూ. "ప్రసంగం చేసేటాయన, జైలుకెళ్ళేవా తమ్ముడూ అన్నాడు. వెళ్ళలేదంటే తప్పించుకు తిరుగుతున్న దొంగని. వెళ్ళేనంటే శిక్ష అయిపోయినోడిని. వెళ్ళేననేశేను. మరుసటి వారం ఇంకోచోట పిలిచేరు."

"రోజూ పడుకునే ముందు ఆ జైలు కోసం స్తోత్రం చెప్పేనండి నేను. పెళ్ళయిన కాణ్ణుంచి."

ఆ మాటకు ఆయన తలెత్తలేకపోయాడు. నోటరీ దగ్గరకు వెళ్దామనుకున్న సంగతి కూడా చెప్పేశాడు. ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. రూతమ్మ వింది, మళ్ళీ చేపల దగ్గరకు వంగింది.

"రేపు మందిరంలో చెప్పండి," అంది. "నాకు చెప్పినట్టే చెప్పండి. మైకు దొరికింది కదా అని గొంతు మార్చకండి."

ఆ సాయంత్రం పులుసు వండింది, వడ్డించింది. ఆ దేముడు కశింకోటలో ఎక్కడుంటాడని అడిగింది.

ఆదివారం పొద్దున్న ఆయన లేచేసరికి రూతమ్మ ఇంట్లో లేదు. మందిరం ఊడవడానికి ముందే వెళ్ళి ఉంటుందనుకున్నాడు. స్నానం చేసి, తెల్లచొక్కా చేతిలోకి తీసుకుని, మళ్ళీ దండెం మీద వేసి, రంగుచొక్కా తొడుక్కున్నాడు. మందిరంలో ఆడవాళ్ళ వైపు చూస్తే అక్కడా ఆవిడ కనపడలేదు.

పాటలయ్యాయి. సాక్ష్యాల వేళ వచ్చింది. పిలవకుండానే వరప్రసాదరావు లేచి మైకు దగ్గరకు వెళ్ళాడు. యాత్ర గురించి నాలుగు మంచి మాటలు చెబుతాడని అందరూ సర్దుక్కూర్చున్నారు. ఆయన మైకును కాస్త పక్కకు జరిపాడు.

"నేను దొంగతనం చేసేను. అది నిజం. జైలుకు మాత్రం వెళ్ళలేదు. వెళ్ళింది నాతో ఉన్న ఇంకొకాయన. ఆయన అనుభవించింది నేను అనుభవించినట్టు ఇన్నేళ్ళూ మీకు చెప్పేను. నా మీద ఏ కేసూ లేదు, ఏ శిక్షా పడలేదు. ఫారంలో లేదని పెట్టాలి. నన్ను క్షమించండి."

ఫ్యాను కిర్రుమనడం వినిపించింది. ఛీ అంటారనుకున్నాడు. లేచి వెళ్ళిపోతారనుకున్నాడు. అన్నిటికీ సిద్ధపడే వచ్చాడు. అయితే జరిగింది అదికాదు. ముందు వరసలో సంఘపెద్ద త్రినాధరావు మాస్టారు పక్కాయన వైపు వంగి, అందరికీ వినపడేలాగే అన్నాడు.

"కాగితాలు దొరకలేదు కాబోలు పాపం."

అక్కడక్కడా తలలూగాయి. ఎవరో నాలుక చప్పరించారు. పాస్టరు జెఫ్రీ లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ కుర్రవాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్నా, ఒక ప్రయాణం కోసం నీ సాక్ష్యాన్నే కాదంటావా? పేతురు కూడా భయపడి ప్రభువును నేనెరగను అన్నాడు. నిన్ను మేము తప్పుపట్టం."

"అయ్యగారూ, భయం కాదండి. నిజంగానే వెళ్ళలేదు."

"ఏది నిజమన్నా? ఇన్నేళ్ళుగా కన్నీళ్ళతో చెప్పిందా, ఫారం వచ్చాక చెప్పిందా?"

బతుకులో మొదటిసారి ఆ మైకులో నిజం చెబితే, అదొక్కటే అబద్ధంగా వినపడింది వీళ్ళకి. ఎవర్ననాలి? వాళ్ళను ఏడిపించడం నేర్చుకున్నది తనే.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి రూతమ్మ గొంతు వినిపించింది. చీర కుచ్చెళ్ళకు రోడ్డు దుమ్ము అంటి ఉంది. "అయ్యగారూ, ఆ జైలుకెళ్ళిన మనిషిని తీసుకొచ్చేను. ఆయన్నే అడగండి."

గుమ్మం బయట, చెప్పులు విప్పే చోట దేముడు నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. జైలుకెళ్ళిన మనిషి అన్న మాట వినగానే, గుమ్మానికి దగ్గరగా కూర్చున్న ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. ఒకావిడ ఒళ్ళోని సంచీ ఇవతలి పక్కకు మార్చుకుంది.

"బాబూ, నీ పేరేమిటి?" అన్నాడు జెఫ్రీ మర్యాదగానే.

"దేముడండి. బెల్లమొండుతాను."

"నువ్వు జైలుకు వెళ్ళావా?"

"ఎల్లేనండి."

"ఈ వరప్రసాదరావు అన్న వెళ్ళాడా, లేదా? దేవుని మందిరం ఇది, నిజం చెప్పు."

దేముడు లోపలికి చూశాడు. అన్ని తలలూ వెనక్కి తిరిగి ఉన్నాయి. అంతమంది మధ్య వరప్రసాదరావు ఒక్కడూ మెడ వంచుకుని నిలబడి ఉన్నాడు, చుట్టూ సంఘపెద్దలు. చూసేవాడికి అది పంచాయితీలాగే ఉంది.

"ఎల్లేడండి," అన్నాడు దేముడు. "ఇద్దరం ఎల్లేం. ఒకటే గది. మంచోడండి, ఏటీ అనకండి."

"ఒరే దేముడూ," అన్నాడు వరప్రసాదరావు. "లేదురా. నిజం చెప్పరా." ఆ మాట ముందు వరస కూడా దాటలేదు. హాలంతా స్తోత్రం అంది. ఎవరో పాటెత్తుకున్నారు, తప్పెట అందుకుంది. త్రినాధరావు మాస్టారు వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. పెద్దలు వరసగా వచ్చి చెయ్యి కలిపారు. శోధన వస్తూనే ఉంటుంది తమ్ముడూ, గెలిచావు అన్నారు. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి, ప్రేమ కూడా నిజమైనదే. వరప్రసాదరావు చెయ్యి వెనక్కి లాక్కోలేక, ఇవ్వలేక, ఎవరు పట్టుకుంటే వాళ్ళకు వదిలేశాడు. తలల మీంచి గుమ్మం వైపు చూశాడు. దేముడి చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. ఒకావిడ బయటికి వెళ్ళి, ఆయన కాళ్ళ దగ్గరున్న తన చెప్పులు తీసి అవతలి గోడ వారగా పెట్టుకుని వచ్చింది.

ఆరాధన అయ్యాక జెఫ్రీ రూతమ్మను పక్కకు పిలిచాడు. "ఫారంలో లేదని అబద్ధం పెట్టించలేనమ్మా. కాగితాలు లేవు, అఫిడవిట్టూ ఇవ్వడు కాబట్టి అన్న పేరు తీసేయమని అరుణ్ కుమార్‌కు చెబుతాను. మీరు వెళ్ళండి. ఆయన కోసం అక్కడ ప్రార్థించండి."

"ఆయన చెప్పింది నిజమండి అయ్యగారూ," అంది రూతమ్మ.

"మీరు భార్య కదమ్మా," అన్నాడు ఆయన జాలిగా.

రూతమ్మ గుమ్మం దగ్గరకు వెళ్ళి, "అన్నయ్యా, మాయింటికి రండి, భోంచేసి వెళ్దురు గాని," అంది.

ముగ్గురూ ఇంటికి నడిచారు. రూతమ్మ ముందు, దేముడు పక్కన, వరప్రసాదరావు రెండడుగులు వెనక. కుర్చీ వేస్తే దేముడు వద్దన్నాడు. చాపమీద కూర్చుని కంచం ముందుకు లాక్కున్నాడు. వరప్రసాదరావు ఎదురుగా కూర్చున్నాడు. రూతమ్మ అన్నం పెట్టి కోడికూర వడ్డించింది. దేముడు ఆకలి మీద ఉన్నాడు, తెల్లారకముందే ఆవిడ వచ్చి లేపేసిందట. నాలుగు ముద్దలు తిన్నాక వరప్రసాదరావు వైపు చూశాడు.

"సరిగ్గానే సెప్పేను కదా బావా? మీ ఆవిడ దారంతా నిజం సెప్పండన్నయ్యా అనే అంది. వత్తే ఏటి, అందరూ నీమీద పడిపోనారు. నాకేటీ తోసలేదు."

"అది అబద్ధం కదురా," అన్నాడు వరప్రసాదరావు. "నేను నిజం చెప్దామని లేచేను. మళ్ళీ అబద్ధంలోకే తోసేశావు."

దేముడు ఎముక పక్కన పెట్టి, వేళ్ళు కంచం అంచుకు రాసుకున్నాడు. "కోర్టులో జడ్జీగారు, నీతో ఇంకెవులున్నార్రా అని అడిగినాడు. ఎవులూ లేరండి, నానొక్కడినే అన్నాను. అదీ అబద్ధమే కదా. జైలు నుంచొచ్చి నీకు సెప్పేను కూడాను. అప్పుడేల అనలేదు నువ్వు, అబద్ధమని?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు. జవాబు కోసం కంచంలో చెయ్యి ఆపుకుని కూర్చున్నాడు కూడా. రూతమ్మ కూరగిన్నె పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడిపోయింది.

"సిగ్గేసిందిరా," అన్నాడు వరప్రసాదరావు చివరికి.

"మరి ఇన్నేళ్ళు మైకులో అంత సెప్పేవు, సిగ్గేసిందన్న ఆ ఒక్క ముక్కా సెప్పలేదేటి," అన్నాడు దేముడు, మజ్జిగ కోసం కంచంలో అన్నం గుంట చేసుకుంటూ.